తాలు గింజయు, చక్కెర సందేశమును

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వ్యవసాయకులకు తాలు అనగా నేమో చెప్ప నక్కఱలేదు. కళ్లములో తూర్పాఱబట్టునప్పుడు గాలికి లేచిపోవునది తాలు. కొనుగోలు కేంద్రమున కాంటా యొద్ద బస్తాకు ఇంత యని తరుగు తీయుటకు చెప్పబడు కారణము తాలు. మిల్లు ముందు లారీ దిగుమతి గాక నిలిచిపోయినప్పుడు, ధర తగ్గించుకొమ్మని రైతును ఒప్పించుటకు వినబడు మొదటి మాటయు తాలే. మక్క పంటలో దీనికి పేరు వేఱు గాని స్వరూప మొక్కటే: కంకి కొనయంతయు బోడియై, పండ్లూడిన దవడవలె నగపడును.

ఇంత నష్టమును దెచ్చు నీ వస్తువు ఎట్లు పుట్టుచున్నదని యడిగినచో మనవారు చెప్పు సమాధానములు నాలుగు. విత్తనము మంచిది కాదందురు, ఎరువు చాలలేదందురు, పురుగు పడినదందురు, ఇవేవియు గాకున్న దైవము మీద వేయుదురు. వీనిలో పురుగు మాట కొంతవఱకు నిజమే. కాండము తొలుచు పురుగు పడినచో కంకి యంతయు తెల్లబడి నిట్టనిలువున నిలుచును. మెడవిఱుపు తెగులు వచ్చినచో కంకి మెడ యొద్ద విఱిగి వ్రేలాడును. అవి చూచిన తోడనే తెలియు రోగములు. మేము ప్రస్తావింపబోవునది అది కాదు. చేను పచ్చగా నున్నది, తెగులు లేదు, కంకి వెడలినది, పూతయు వచ్చినది. అయినను కొన్ని గింజలు నిండినవి, వాని ప్రక్కనే కొన్ని పొట్టుగా మిగిలినవి. ఒకే తల్లి, ఒకే నేల, ఒకే నీరు. ఈ పక్షపాతమెందులకు?

ఈ ప్రశ్నకు గడచిన ముప్పది నలువది సంవత్సరములలో వృక్షశాస్త్రజ్ఞులు కనుగొనిన సమాధానమును మన రైతులు తప్పక వినవలసి యున్నది. సంగ్రహముగా చెప్పవలె నన్నచో, గింజకు చక్కెర ఆహారము మాత్రమే గాదు, ఆజ్ఞయు నగును. చక్కెర వచ్చుచున్నదను వార్త తెలిసినచో గింజ పెరుగుటకు సాహసించును. ఆ వార్త నిలిచిపోయినచో, తరువాత నెంత ఆహారము వచ్చినను దానికి వినియోగము లేదు.

ఆకులు సూర్యరశ్మితో చేసిన చక్కెర, అనగా మనము బజారున కొను చక్కెరయే, శాస్త్రజ్ఞుల భాషలో సుక్రోజు, మొక్క లోపలి సన్నని నాళముల వెంట దిగి గింజ వాకిటికి వచ్చును. ఇచ్చట నొక విశేషమున్నది. తల్లి మొక్క నాళము గింజలోనికి చొఱబడదు. తల్లి యొక వంశము, గింజలోని బిడ్డ మఱియొక తరము. రెంటి నడుమ పొలిమేర యున్నది. నాళము తెచ్చిన సరకును ఆ పొలిమేర యొద్ద దింపవలెను, అవతలివారు ఎత్తుకొనవలెను. పూర్వపు సంస్థానముల సరిహద్దులలో సుంకపు చౌకీ లుండెడివి గదా, అట్టిదే యిదియు. ఈ చౌకీలో ఇన్వర్టేజు అను నొక ఎంజైము కూర్చుండి యుండును. అది సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చిన్న చక్కెరలుగా విడదీయును. విడదీసినకొలది ఇవతల సుక్రోజు తఱుగును. తఱిగినకొలది తల్లి నాళము మఱికొంత దింపును. అందుచేత ఈ ఎంజైము పని చేసినంత కాలము గింజ లాగుకొనుచునే యుండును.

ఇది ఊహ గాదు. మక్కలో మిక్కిలి చిన్న గింజలు వేయు నొక రకమును గూర్చి లో, నెల్సన్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు 1946లోనే వ్రాసిరి. దానికి 'మినియేచర్' అని పేరు. మొక్క బలముగనే యుండును, ఆకులు చక్కగనే యుండును, గింజ మాత్రము సాధారణపు గింజ తూకములో నూటికి 70 వంతులకు పైగా కోల్పోవును. కారణము ఏబది సంవత్సరముల వఱకు తెలియలేదు. 1996లో అమెరికాలో ప్రేమ్ చౌరే అను భారత సంతతి శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆ చిక్కు విప్పిరి. ఆ రకమున చెడిపోయినది మఱేమియు గాదు, వాకిటి యొద్ద నుండు ఇన్వర్టేజును చేయు జన్యువే. చౌకీదారు లేడు, సరకు దిగలేదు, గింజ పెరుగలేదు. ఆకులో లోపము లేకయే గింజలో దారిద్ర్యము కలుగవచ్చునని దీనివలన స్థిరపడినది.

వరి విషయముననుగూడ ఇట్టిదే కనబడినది. గింజ సరిగా నిండకపోవు నొక వరి రకమును చైనా శాస్త్రజ్ఞులు పరీక్షించి, దానిలో చెడినది కూడ వాకిటి ఇన్వర్టేజు జన్యువే యని 2008లో ప్రకటించిరి. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి మఱొకటి వారు చెప్పిరి. అడవి వరి మొదలు నేటి సాగు వరి వఱకు జరిగిన మార్పులో ఈ జన్యువు మనుష్యుల ఎంపికకు లోనైనది. అనగా వేల సంవత్సరములుగా పెద్ద గింజల కంకులను ఏఱి, మరుసటి యేటి విత్తనమునకు దాచిన రైతులు, తమకు తెలియకయే, గింజ వాకిటి చౌకీని బాగుచేయుచు వచ్చినారు. 2015లో మక్క, వరి గింజలలోనికి చక్కెరను చేరవేయు 'స్వీట్' అను ద్వారముల విషయమునను ఇట్టి మాటయే వెల్లడియైనది. శాస్త్రము విదేశములనుండి వచ్చిన దిగుమతి సరకనుకొను వారు ఈ సంగతిని కొంచెము తలపోయుదురు గాక. మొదటి ప్రయోగశాల పొలమే. మొదటి ప్రయోక్త విత్తనపు గాదె కట్టిన రైతే.

ఇంతవఱకు చెప్పినది చక్కెర ఆహారమగుట. ఆజ్ఞ యగుట ఎట్లు? జర్మనీ దేశమున గాటర్‌స్లేబెన్ అను చోట వెబర్, వోబుస్ మొదలగువారు ఒక జాతి చిక్కుడు గింజలను దినదినము కోసి పరీక్షించి, 1990ల నడుమ ఒక క్రమమును కనిపెట్టిరి. గింజ పుట్టిన తొలి దినములలో దానిలో గ్లూకోజు వంటి చిన్న చక్కెరలు హెచ్చుగా నుండును. అప్పుడు గింజలోని కణములు విభజన మొందుచు సంఖ్యలో పెరుగును. కొన్ని దినములకు వాకిటి ఇన్వర్టేజు తగ్గి, సుక్రోజు పూర్తిగానే లోపలికి వచ్చును. అప్పుడు విభజన నిలిచి, కణములు పిండిని, మాంసకృత్తులను నింపుకొన మొదలిడును. చిన్న చక్కెర 'ఇండ్లు కట్టుము' అను ఆజ్ఞ. పెద్ద చక్కెర 'ఇండ్లలో ధాన్యము పోయుము' అను ఆజ్ఞ. వెనుకటి మనియార్డరు ఫారమును జ్ఞప్తికి దెచ్చుకొనిన ఇది తేటపడును. సొమ్ముతోపాటు అడుగున నొక చిన్న కాగితపు ముక్కపై నాలుగు మాటలు వ్రాయుటకు తావుండెడిది. ఇంటివారికి సొమ్మెంత ముఖ్యమో ఆ నాలుగు మాటలు అంత ముఖ్యము. సొమ్ము దేనికి వాడవలెనో అందే యుండెడిది.

ఇచ్చటనే మన కామారెడ్డి మక్క రైతు చెవి యొగ్గవలెను. ఇండ్లు కట్టు దినములు మిక్కిలి కొద్ది. మగపూత విడిచి, పీచు వెడలి, పుప్పొడి పడిన తరువాత రెండు వారములలోపలనే గింజ ఎన్ని కణములు గలదగునో, అసలు బ్రదుకునో బ్రదుకదో తేలిపోవును. విత్తిన 50 మొదలు 60 దినములకు ఈ ఘట్టము వచ్చును. జూన్ చివరను, జూలై మొదటను విత్తిన మక్కకు ఇది ఆగస్టు మాసము. వాన వచ్చినట్లే వచ్చి పది పదునైదు దినములు మొగము చాటుచేయు కాలము కూడ తఱుచు అదే. మన చెల్క నేలలు లోతు తక్కువ. వారము దినములకే వేళ్ల యొద్ద తడి యుండదు. ఆ వారమున ఆకు చుట్టుకొనును, చక్కెర తయారీ తగ్గును, వాకిటికి సరకు రాదు, వార్తయు రాదు. కంకి కొననుండు లేత గింజలు మొదట రాలును, ఏలయన పీచు చివరగా వెడలునది వానికే, సరకు చివరగా అందునది వానికే. తరువాత సెప్టెంబరులో కుంభవృష్టి కురిసినను చచ్చిన గింజ తిరిగి లేవదు. మొక్క మాత్రము పచ్చబడును. దానిని చూచి మురిసిపోయిన రైతు కంకి ఒలిచినప్పుడు నిజము తెలిసికొనును.

నీరు లేకపోవుటచేత గింజ చచ్చినదా, చక్కెర లేకపోవుటచేత చచ్చినదా యని సందేహింపవచ్చును. ఈ సందేహమును తీర్చుటకు అమెరికాలో బాయిల్, బోయర్, మోర్గన్ అనువారు చేసి 1991లో ప్రకటించిన ప్రయోగము మిక్కిలి సరళమైనది, మిక్కిలి చమత్కారమైనది. నీరు మాన్పించి వాడగొట్టిన మక్క కాండములలోనికి చక్కెర గలిసిన పోషకద్రవమును ఎక్కించిరి. నేలకు నీరు పోయలేదు. మొక్క వాడియే యుండెను. అయినను గింజలు నిలిచినవి. తరువాత బోయరును ఇతరులును సుక్రోజు నొక్కదానినే ఎక్కించి చూచి, ఎండలో గింజ రాలుటకు చక్కెర కొఱతయే ముఖ్యకారణమని నిర్ధారించిరి. 2004 నాటికి, నీరు తగ్గిన తోడనే గింజలోని ఇన్వర్టేజు జన్యువులు ముందుగా పని మానుచున్నవనియు, చక్కెర ఎక్కించినచో అవి తిరిగి మేల్కొనుచున్నవనియు తేలినది. దాహముచేత గాదు, కబురు అందకపోవుటచేత గింజ చచ్చుచున్నదని చెప్పిన అతిశయోక్తి కాజాలదు.

వరిలోను ఇదే కథ కొంచెము ముందుగా నడచును. కంకి పొట్టలో నున్నప్పుడే పుప్పొడి తయారగును. ఆ సమయమున నీరు తగ్గినచో పుప్పొడి సంచులలో చక్కెరను విడదీయు శక్తి తగ్గి, పుప్పొడి పిండి లేని పొట్టుగా మిగులును. పూత మనకు కనబడును. దానిలో పస యుండదు. యాసంగి వరి ఆలస్యమై మార్చి చివర, ఏప్రిల్ ఎండలలో పూసినచో, వేడి వలనను పుప్పొడి చెడి తాలు హెచ్చును. నాట్లు ముందు వేయుడని వ్యవసాయశాఖవారు చెప్పునది ఉత్త మాట గాదు.

ఇక ఆజ్ఞను గొనిపోవు దూత యెవరు? గ్లూకోజు తానే కొంత దూత. కాని అసలు దూత మఱొకటి యున్నది. దాని పేరు ట్రెహలోజు-6-ఫాస్ఫేటు. పేరు పొడవు, పరిమాణము అత్యల్పము. చక్కెర యణువునకు ఒక భాస్వర ముద్ర వేసినట్టిది. మొక్కలో సుక్రోజు హెచ్చిన నిదియు హెచ్చును, తగ్గిన తగ్గును. అందుచేత ఇంటిలో ధాన్య మెంత గలదో తెలుపు చీటివంటిది. కణములో స్నర్క్-1 అను నొక కోశాధికారి గలడు. వాడు కఱవు కాలపు మనిషి. లోటు అని తోచిన తోడనే వ్యయములన్నియు నిలిపివేసి, పెరుగుదలకు తాళము వేసి, ఉన్నదానితో ప్రాణము నిలుపుకొనుడని శాసించును. ఈ చీటి తగినంత చేరినచో వాడు తాళము తీయును. పెరుగుచున్న లేత కణములలో ఈ చీటి ఆ యధికారిని అణచుచున్నదని ఇంగ్లాండులోని రాథమ్‌స్టెడ్ పరిశోధనాలయమువారు 2009లో వెల్లడించిరి. గోధుమ గింజలో తొలి దినములలో ఈ చీటి మిక్కిలి హెచ్చుగా నుండి, తరువాత తగ్గునని 2011లో చూపిరి. గాటర్‌స్లేబెన్‌వారు 2021లో బఠానీ గింజపై పరిశోధించి, ఈ చీటి గింజలో ఆక్సిన్ అను పెరుగుదల రసమును పుట్టించి, పిండి నింపుకొనుటకు దారి తీయుచున్నదనిరి. మెండెల్ పండితుడు 1866లో వర్ణించిన ముడుతల బఠానీ జ్ఞప్తికి వచ్చును గదా! అదియు చక్కెర పిండిగా మారకుండుట వలన కలిగిన ముడుతయే యని 1990లో తేలెను.

భాస్వర ముద్ర యనగానే మన తెలుగువాని పేరు చెప్పక ముందునకు సాగ మనసొప్పదు. జీవపదార్థములలో భాస్వరమును కొలుచు సులభ విధానమును 1925లో ఫిస్కేతో గలిసి లోకమున కిచ్చినవాడు భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆయనకు పూర్తి పట్టము దక్కలేదని ప్రసిద్ధి. పట్టము నిరాకరించిన చేతులను లోకము మఱచినది. ఆయన కొలత విధానము ప్రపంచమున ప్రతి జీవరసాయన శాలలోను ప్రవేశించినది. భాస్వరమంటిన చక్కెరల విద్యకు పునాదిరాళ్లలో ఒకటి తెలుగువాడు వేసినదే యనుట గర్వము కొఱకు గాదు. ఆ పునాదిపై కట్టిన మేడలో మనకు గది యేదీ యని యడుగుటకు.

ఏలయన మేడ వేగముగా లేచుచున్నది. 2015లో సింజెంటా యను విదేశ విత్తన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు, రాథమ్‌స్టెడ్‌వారితో గలిసి, వరినుండి గ్రహించిన యొక జన్యువును మక్కలో ప్రవేశపెట్టి, పూతకాలమున ఆడకంకిలో ఈ చీటి పరిమాణమును మార్చిరి. ఎండ లేని చోటను, స్వల్పమైన ఎండలోను దిగుబడి నూటికి 9 మొదలు 49 వఱకు, తీవ్రమైన ఎండలో 31 మొదలు 123 వఱకు హెచ్చినదని వారి పొలపు లెక్క. ఇందు వింత యేమనగా, వారు చీటిని హెచ్చింపలేదు, తగ్గించిరి. దారిలోని కణములు తమకే లోటు కలదని భ్రమించి సరకును తమలో నిలుపుకొనక ముందునకు గింజకు సాగనంపునట్లు చేసిరి. ఏ చోట, ఏ దినమున అనునదే ప్రధానము. అంతటను ఒకే తీరుగా హెచ్చించుటయు తగ్గించుటయు నిష్ప్రయోజనము. మన దేశమున జన్యుమార్పిడి మక్కకు సాగు అనుమతి లేదు గనుక ఆ చర్చను ఇక్కడ పెంచము.

రెండవ మార్గము పిచికారీ. ఈ చీటి విద్యుదావేశము గలది గనుక నీట గలిపి ఆకుపై చల్లినను కణపు పొర దాటి లోపలికి పోదు. ఆక్స్‌ఫర్డు రసాయన శాస్త్రజ్ఞుడు బెన్ డేవిస్, రాథమ్‌స్టెడ్‌కు చెందిన మాథ్యూ పాల్ మొదలగువారు దానికొక ముసుగు తొడిగిరి. ముసుగుతో లోపలికి పోవును. ఎండ తగిలినప్పుడు ముసుగు తొలగి చీటి బయటపడును. పూత తరువాత గోధుమపై చల్లగా గింజ బరువు హెచ్చినదని 2016లో ప్రకటించిరి. అర్జెంటీనా, మెక్సికో పొలములలో చల్లిన మళ్లలో దిగుబడి సుమారు పదింట ఒక వంతు హెచ్చినదని 2025లో వెల్లడియైనది. ఇది గోధుమ మాట. మన వరి, మక్కల మాట గాదు. కాని సీసా మీద పేరు మార్చుట ఎంత సేపు? రేపో మాపో మన అంగళ్లలో 'చక్కెర టానిక్కు' అని ఏదో యొకటి వ్రేలాడక మానదు. బెల్లపు నీరు చల్లిన గింజ నిండునని నమ్మించు వారును బయలుదేరుదురు. చక్కెర నీరు ఆకు మీద చీమలను బూజును చేర్చును గాని గింజ వాకిటికి సందేశమును చేర్చదు. రైతులు ఈ మాట ముందుగానే తెలిసికొని యుండుట మేలు.

చక్కెర విషయమున మోసపోవలసిన ప్రాంతమా ఇది? మంజీర మీద 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము నేడు కామారెడ్డి జిల్లాలోనే యున్నది. ఆ నీటిని నమ్ముకొని 1937లో బోధనులో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము ఒకప్పుడు దేశదేశముల పేరు గన్నది. కామారెడ్డి గంజిలో బెల్లపు దిమ్మెల వాసన తెలియని వర్తకుడు లేడు. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అది పోయిన తీరు వేఱొక వ్యాసమునకు తగిన దుఃఖము. ఇక్కడ చెప్పవలసినది మఱొకటి. చెఱకు రైతునకు చక్కెర, గింజల వైరము చిరపరిచితమే. చెఱకు పూత పట్టినచో చక్కెర కాండమును విడిచి పూతవైపు పరుగిడునని, గడలో పస తఱుగునని మన పెద్దలు ఎఱుగుదురు. మక్కలో మనము కోరునది ఆ పరుగునే. చెఱకులో వలదనునది ఆ పరుగునే. ఆ చెఱకు గింజనుండియే 1912లో నెలకొనిన కోయంబత్తూరు కేంద్రమున బార్బర్, టి. ఎస్. వెంకటరామన్ అనువారు రెల్లుతో సంకరము చేసి కో 205 రకమును తీసి ఉత్తరదేశపు చెఱకు సాగు స్వరూపమునే మార్చిరి. దాస్యములో నున్న దేశము ఆ పని చేయగలిగినది. స్వతంత్ర దేశమునకు నేడు సాధ్యము గానిదేమి?

రుద్రూరులో చెఱకు, వరి పరిశోధనకేంద్ర మున్నది. ఎల్లారెడ్డి చెంతనే మాల్తుమ్మెదలో వ్యవసాయ పాలిటెక్నిక్ ఉన్నది. రాజేంద్రనగరములో వరి పరిశోధనసంస్థయు, డి. హెచ్. ఎం. 117, 121 మున్నగు మక్క సంకరములను విడుదల చేసిన మక్క పరిశోధనకేంద్రమును గలవు. పనివారు లేరనుట కాదు. ఈ జిల్లా చెల్కలలో, ఈ జిల్లా ఆగస్టు ఎండలో, ఏ మక్క రకము వాడినను గింజను విడువదో, ఏ వరి రకము వాకిటి ఎంజైమును చివరివఱకు నిలుపుకొనునో ఏఱి చూపుడని మేము కోరుచున్నాము. దీనికి విదేశపు సీసా అక్కఱలేదు. పేటెంటు హక్కు చెల్లింపు లేదు. మన విత్తన భాండారములోని వేల వరి రకములలో ఈ గుణము వేర్వేరు పాళ్లలో నుండకపోదు. ఫలితమును ఇంగ్లీషు పత్రికలలో అచ్చొత్తించి తృప్తిపడక, తెలుగున ఒక చిన్న కరపత్రముగా గ్రామములకు పంపవలెను. రైతునకు అర్థము గాని భాషలో నున్న విజ్ఞానమునకు ధన మిచ్చినవాడు కూడ ఆ రైతే గదా.

ఒక ఆక్షేపణ వినబడుచున్నది. ధర లేదు, కొనువాడు లేడు, తరుగు పేర దోపిడి యున్నది; వీనిని విడిచి గింజలోని ఎంజైములను గూర్చి వ్రాయుటేల యని. తరుగు అన్యాయమును గూర్చి వ్రాయుట మేము మానబోము. కాని తాలు రైతు సోమరితనపు గుర్తని కాంటా యొద్ద మాటలాడు ఉద్యోగికి సమాధానము ఈ శాస్త్రములోనే యున్నది. పూత వారమున నీరు విడువనివారు, కరెంటు కోసినవారు, నాట్లకు విత్తనము ఆలస్యముగా నిచ్చినవారు తాలులో భాగస్వాములు. నష్టము మాత్రము ఒక్కనిదే యగుచున్నది. తాలు ఎవరి తప్పో తెలిసిననే తరుగు ఎవరు భరింపవలెనో వాదింప వీలగును.

భూస్వాములైన మా పాఠకులకు ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. ఈ తాలూకాలలో చాల చోట్ల పొలము ఒకనిది, పాటు మఱొకనిది. కౌలు ఎకరమునకు ఇంత యని ముందే స్థిరమగును. తాలు పడినను, పడకున్నను కౌలు తఱుగదు. అందుచేత తాలు మొత్తము కౌలుదారు మీదనే పడుచున్నది. బావి యజమానిది, మోటారు యజమానిది, పూత వారమున నీరు మొదట ఎవరి మడికి పోవునో చెప్పనక్కఱలేదు. కౌలు పత్రములో పూతకాలమునకు ఒక తడి నీరు హక్కుగా వ్రాయుట యజమానికి పెద్ద నష్టము గాదు. రాథమ్‌స్టెడ్ పేరు ముందే మూడు మాఱులు వచ్చినది. ప్రపంచమునకు ఇన్ని సంగతులు చెప్పిన ఆ పరిశోధనాలయమును 1843లో స్థాపించినది ప్రభుత్వము గాదు. లాస్ అను నొక భూస్వామి తన సొంత ఎస్టేటు పొలములో, తన సొంత ధనముతో ఆరంభించెను. మన జిల్లాలో నూఱెకరములు గల కుటుంబముల కాలము పోయినను, రెండు ఎకరములు ప్రయోగమునకు విడువగల గృహస్థులు కామారెడ్డిలోను, బాన్సువాడలోను, ఎల్లారెడ్డిలోను లేకపోలేదు.

ఇక నీటి మాట. 1922లో ముగిసిన పోచారము ప్రాజెక్టు క్రింద ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట గ్రామములకు నీరు విడుచు తేదీలు జలాశయములోని మట్టమును బట్టియు, ఒత్తిడిని బట్టియు నిర్ణయమగుచున్నవి. వానికి మూడవ లెక్క యొకటి చేర్చవలెను: ఏ గ్రామమున వరి ఎప్పుడు పొట్టకు వచ్చును? నాట్లు ఒకేసారి పడవు గనుక ఇది కష్టమే. అయినను రకముల కాలపరిమితి అందఱికి తెలిసినదే, నాట్ల తేదీలు వ్యవసాయ విస్తరణాధికారి పుస్తకములో నున్నవే. నీరు కొఱత పడిన యేట, దుబ్బు చేయు దశలో ఒక తడి తగ్గించి పొట్ట దశకు దాచుట మేలు. పిలకలు కొన్ని తగ్గవచ్చును, ఉన్న కంకులు నిండును. అన్ని దినములకు సమముగా పంచుటయే న్యాయమని మన నీటి సంఘములవారి నమ్మకము. గింజ దృష్టిలో దినములన్నియు సమానము కావు.

మెట్ట మక్కకు ప్రాజెక్టు లేదు, చెఱువు నందదు. బోరో, కుంటయో దిక్కు. వచ్చు వానకాలమున మొదటి మక్క విత్తు పడిన దినమున ఊరిలో నెవరైన నొకరు ఆ తేదీని పంచాయతీ గోడ మీద వ్రాసి, దానికి ఏబది దినములు కలిపి రెండవ తేదీని దాని ప్రక్కన వ్రాయుదురు గాక. ఆ రెండవ తేదీ మొదలు పదునైదు దినములు ఊరి బోర్లలో మిగులు నీరు ఏ చేనికి ఏ వరుసన పోవలెనో, బోరు లేనివానికి బోరున్నవాడు ఒక్క తడి ఏ షరతుపై నిచ్చునో, విత్తనము నేల బడకముందే గ్రామసభలో తీర్మానించి వ్రాసికొనవలెను.